పిస్టన్ ఎప్పుడొచ్చింది?

మా బావని ఊళ్లో అందరూ నూరోవంతు అంటారు. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా ఇంజను బిగించడు కాబట్టి ఆ పేరు పడింది. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా పిరికి మేస్త్రి అనే పిలుస్తున్నాను, అదీ మొహం మీదే. ఆయన మా అక్క భర్త. అరిగిపోయిన ఇంజన్లకు బోరు చేసి, అంటే సిలిండర్ లోపలి గోడని చెక్కి, కొత్త పిస్టన్లు వేయడం ఆయన పని. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని సామాన్లు తెప్పించడం, ఆలస్యమైందని వచ్చినవాళ్లు అనే మాటలు పడడం నా పని.

ఆయన భయాలు చెప్పుకుంటూ పోతే ఓ పట్టాన తెమలవు. అరిగిన సిలిండర్ రాగానే పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలుస్తాడు, మళ్లీ అడ్డంగా తిప్పి కొలుస్తాడు. ఎక్కడ ఎక్కువ అరిగిందో అక్కడి కొలతే లెక్క అంటాడు. ఓవర్‌సైజు పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవవుతూ నాలుగు సైజుల్లో వస్తాయి. సిలిండర్ గోడ మీద పడ్డ గీత పోయేంత మేరకే చెక్కాలి, వీలైతే వచ్చేసారికి ఒక సైజు మిగల్చాలి. పిస్టన్ చేతికి రాకుండా సిలిండర్‌ని మిషను మీదకి ఎక్కించడు. వచ్చాక కూడా పెట్టె మీద వేసిన అంకెని నమ్మడు. ఆ పిస్టన్ ఒక రాత్రంతా సిలిండర్ పక్కనే అలమారలో ఉండాలి, ఆ తర్వాతే కొలత. ఇద్దరికీ పరిచయం చేయిస్తున్నావా బావా అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఎందుకలా అని నేను అడిగిన పాపాన పోలేదు. ఆయన చాదస్తాల్లో అదొకటి అనుకున్నాను.

పుట్టుకతో ఆయన పిరికివాడేం కాదట. వయసులో ఉన్నప్పుడు సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చి, హడావుడిగా ఒక బండి బిగించాడు. అది ఎత్తు ఎక్కుతుండగా ఇంజను పట్టేసి, నడుపుతున్న స్నేహితుడు బండితో సహా దొర్లిపోయాడు. బతికాడు గానీ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అప్పటి నుంచి బండి తీసుకెళ్లే ప్రతి మనిషికీ బావ ఒకటే మాట చెబుతాడు: ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీద నుంచి తీయొద్దని. ఇంజను పట్టేసిన క్షణంలో క్లచ్ నొక్కితే చక్రాలు ఇంజను పట్టు నుంచి విడివడి తిరుగుతాయి, మనిషి దక్కుతాడు. కన్నకూతురికైతే ఈ పాఠం అన్నం దగ్గర కూడా తప్పేది కాదు. ఆ పిల్ల చెవులు మూసుకునేది.

ఆ పిల్ల పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. కొండ మీది గొర్రెల దొడ్లకు మందుల పెట్టెలు మోసుకెళ్లడం ఆమె ఉద్యోగం. దానికోసం మోటారు సైకిల్ మీద లాగే కూర్చుని నడిపే పాత టూ స్ట్రోక్ నాలుగు చక్రాల బండి ఒకటి కొనుక్కుంది. కొండ దారికి ఒక పక్క రాయి, రెండో పక్క ఏమీ లేదు. నేను ఒక్కసారి ఆమె వెనక కూర్చుని వెళ్లి, దిగేదాకా కళ్లు తెరవలేదు.

చలికాలం మొదట్లో ఆ బండి బలం తగ్గింది. బావ ఇంజను విప్పితే సిలిండర్ గోడ మీద పొగ పోయే రంధ్రం పక్కన గీత కనపడింది. ఏళ్ల తరబడి గ్రైండరు పట్టి పట్టి ఆయన వేళ్లకు స్పర్శ పోయింది. వేడీ చలీ కూడా తెలియవు. అలాంటివి నన్నే అడుగుతాడు. గీత గోరుకి తగులుతోందా మరదలా అన్నాడు. తగులుతోందన్నాను. సిలిండర్ అప్పటికే అర మిల్లీమీటరు సైజులో ఉంది. తర్వాతది ముప్పావు, ఆ తర్వాతది ఒకటి, అంతటితో ఆఖరు. కొలిచి, కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ కొలిచి, ముప్పావుతో గీత పోతుందని తేల్చాడు. ఆఖరి సైజు మిగిలిందని ఆయన మొహం విప్పారింది.

పార్సిల్ మూడు రోజులు ఆలస్యమైంది. ఈలోగా కొండ మీద గొర్రెలకు జబ్బు తగిలింది. మరునాటికి బండి ఇవ్వకపోతే డాక్టరు గారి బండి తీసుకెళ్తానంది పిల్ల. ఆ బండికి బ్రేకులు అంతంత మాత్రం. నాన్నకి నువ్వే చెప్పు పిన్నీ అని నా ప్రాణం తోడేసింది. ఆ పొద్దున్నే పార్సిల్ వచ్చింది. రాత్రంతా మంచులో ప్రయాణం చేసిందేమో, పిస్టన్ వేళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది. వెచ్చటి గదిలోకి తేగానే దాని ఒంటినిండా చెమ్మ పట్టింది. నేను శాలువా కొంగుతో తుడిచాను.

"ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు బావ లోపలి నుంచి వస్తూ.

"నిన్న సాయంత్రమే బావా. నువ్వు బయటికెళ్లావు. అలమారలోనే పెట్టాను."

చిన్న అబద్ధం. పిల్ల మంచికేగా అనుకున్నాను. బావ ఆ పిస్టన్‌ని చేతిలో తిప్పి చూశాడు. ఆయన వేళ్లకేం తెలుస్తుంది? వెంటనే కొలిచాడు, ఆ కొలతకి సరిపడా ఖాళీ ఉంచి సిలిండర్ చెక్కాడు, సాయంత్రానికి బిగించి వీధిలో గంటసేపు నడిపి చూశాడు. బండి చక్కగా నడిచింది. మర్నాడు పొద్దున్నే పిల్ల మందుల పెట్టెలు కట్టుకుని వెళ్లిపోయింది. చూశావా, నీ అలమారలో కాపురం పెట్టకపోయినా నడిచింది అనబోయి, సమయానికి నాలుక కరుచుకున్నాను.

ఆమె వెళ్లిన అరగంటకి ఒకతను తన బండికి తెప్పించిన పిస్టన్ తీసుకొచ్చి, ఇప్పటికిప్పుడు కొలిచెయ్యమని కూర్చున్నాడు. రేపు రమ్మంటే గొడవకి దిగాడు. పిల్ల బండి బాగా నడిచిన సంతోషంలో ఉన్నాడేమో, ఎప్పుడూ రెండు ముక్కల్లో తేల్చే బావ కూర్చోబెట్టి మరీ వివరించాడు. చలిలోంచి వచ్చిన పిస్టన్ ముడుచుకుని ఉంటుంది. కొలత తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి సిలిండర్ చెక్కితే మధ్యలో ఉండాల్సిన ఖాళీ సగమైపోతుంది.

"చదునైన రోడ్డు మీద బాగానే నడుస్తుందండీ. మోసమంతా అక్కడే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేడికి ఉబ్బి గోడని పట్టేస్తుంది. వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి" అన్నాడు.

ఇరవై ఏళ్లు ఎగతాళి చేసిన చాదస్తానికి అర్థం ఇదన్నమాట. చెప్పకుండా ఉంటే ఏమీ జరగకపోవచ్చు అని ఒక క్షణం అనుకున్నాను. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"బావా, పిల్ల పిస్టన్ నిన్న పొద్దున్నే వచ్చింది. మొన్న కాదు. మంచుగడ్డలా ఉంటే నేనే తుడిచిచ్చాను."

ఆయన నన్ను తిట్టలేదు. చేతిలోని మైక్రోమీటర్‌ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. మూడు నూరోవంతులు తగ్గుతాయి, నాలుగు కూడా తగ్గొచ్చు అని తనలో తను గొణుక్కున్నాడు. తర్వాత వ్యాను తాళాలు తీసుకున్నాడు.

పిల్లకి ఫోను చేస్తూనే ఉన్నాను. కొండ దగ్గర సిగ్నల్ ఉండదని తెలిసి కూడా చేస్తూనే ఉన్నాను. బావ రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. కొండ మొదట్లో మెత్తటి మట్టి మీద ఆమె చక్రాల గుర్తులు కనిపించాయి. మొదటి మలుపులో లోయ వైపు తొంగి చూశాను. రెండో మలుపులో చూడలేకపోయాను. కిటికీ దించమన్నాడు బావ. పై నుంచి ఇంజను చప్పుడు సన్నగా వినపడింది. అది వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే కీచుమని, ఆ చప్పుడు ఆగిపోయింది.

తర్వాత రెండు మలుపులు ఎలా ఎక్కామో నాకు గుర్తులేదు. నా గోళ్లు సీటులో దిగబడ్డాయి. కళ్లముందు కుంటుతూ నడిచే ఆ స్నేహితుడే ఉన్నాడు, ఆ తర్వాత అతను కూడా లేడు, ఉత్త లోయ ఉంది. నేనే చంపాను అని పైకే అన్నాననుకుంటాను.

బండి దారికి అడ్డంగా, రాయి వైపు ఒరిగి ఉంది. వెనక చక్రం ఒకటి అంచుకి జానెడు దూరంలో ఆగింది. మందు సీసాలు దారంతా దొర్లాయి. పిల్ల బండి మీదే కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పట్టేసింది నాన్నా. వేళ్లు తీయలేదు" అంది.

అప్పటికీ తీయలేదు. రెండు వేళ్లు క్లచ్‌ని నొక్కి పట్టుకునే ఉన్నాయి, వదలమన్నా వదలడం లేదు. బావ దగ్గరికెళ్లి స్పర్శలేని తన వేళ్లతో ఒక్కో వేలూ విప్పి, ఆ చేతిని తన చేతుల్లో దాచుకుని, గట్టిగా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. పిస్టన్ సంగతి నేనే పిల్లకి చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. ఆమె సీసాలు ఏరమంది. ఏరాను.

సిలిండర్ గోడ నాలుగు చోట్ల చీరుకుపోయింది. దాచుకున్న ఆఖరి సైజు వేయక తప్పలేదు. వారం తర్వాత ఆ పిస్టన్ వచ్చింది. అంతవరకూ పిల్ల కొండెక్కింది నడిచే. ఆ పార్సిల్ నేనే విప్పాను. ఇక ఆయన నన్ను అడగడని, తనే పెట్టె మీది తేదీ చూసుకుంటాడని అనుకున్నాను. అదే న్యాయం కూడా.

బావ లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెట్టె వైపు చూడలేదు. ఎప్పటిలాగే నా మొహంలోకి చూశాడు.

"ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు.

ఆ గొంతులో అనుమానం కోసం వెతికాను. లేదు. కొండ మీద కూడా నాకు అంత భయం వేయలేదు.

"ఇప్పుడే బావా. చాలా చల్లగా ఉంది" అన్నాను.

"అయితే రేపు చూద్దాం" అని, దాన్ని తీసుకెళ్లి అలమారలో సిలిండర్ పక్కన పెట్టాడు.