సున్నం బొట్టు పెట్టిన ఆనపకాయ

"అమ్మాయ్, మీ అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా" అని మావయ్యగారు ఫోను చేసేసరికి, అమలాపురంలో మా ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పొద్దున్న కాఫీ తాగి, అరుగు మీద చిక్కుడు గింజలు వలుస్తూ అలాగే గోడకి ఒరిగిపోయారట. అది చెప్పి ఆయన, "విత్తనం కాయ ఇంకా పాదు మీదే ఉందమ్మా. నాకు భయంగా ఉంది" అన్నారు. ఆ భయమేమిటో తెలిసినదాన్ని గనక ఏడుస్తూనే నవ్వేశాను.

వాళ్ళు నాకు చుట్టాలు కారు. తొంభైల్లో, పెళ్ళయిన కొత్తలో, అమలాపురం దగ్గరి పల్లెలో మేము అద్దెకున్న ఇంటి పక్కవాళ్ళు. మా వైపు పక్కింటివాళ్ళనైనా వరస కలపకుండా పిలవం. కాపురానికి వచ్చిన వారంలోపే ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, "అమ్మాయ్, నీ రాత బాగుంటుందా?" అని అడిగారు. "ఏదోలెండి అత్తయ్యగారూ" అన్నాను. "అయితే రా, చీటీలు రాసిపెడుదువు గాని." అలా కుదిరింది నాకా ఉద్యోగం. జీతం కూరగాయలు.

ఆవిడ గోడ బీరువా నిండా విత్తనాల సీసాలే. పాత మందు సీసాలు, పచ్చడి సీసాలు, మూత పోతే గుడ్డ కట్టినవి. గింజలకి బూడిద పట్టించి, పైన ఎండిన వేపాకు వేసేవారు. ఏ కార్తెలో విత్తాలో ఆ వరసలో సీసాలు ఉండేవి. మృగశిర వచ్చిందంటే ముందున్న సీసా తియ్యడమే, వెతుకులాట లేదు. చీటీ మీద విత్తనం పేరుకి ముందు అది ఇచ్చినవాళ్ళ పేరు రాయించేవారు: రాజోలు పిన్ని బీర, కొత్తపేట వదిన కాకర. చీటీ వెనకవైపు, తాను ఎవరెవరికి పంచారో వాళ్ళ పేర్లు. "ఒక్క ఇంట్లోనే ఉన్న విత్తనం లేనట్టే లెక్క" అనేవారు. పట్టుకెళ్ళినవాళ్ళు ఒక కాయ ముదరనిచ్చి గింజలు తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ఆవిడ పెళ్ళి పందిట్లోనైనా సరే నిలబెట్టి అడిగేవారు. నాకు సిగ్గేసేది. ఆవిడకి వెయ్యలేదు ఎప్పుడూ.

ప్రతి పాదుకీ ఒక మంచి కాయ చూసి సున్నం బొట్టు పెట్టేవారు. బొట్టున్న కాయ విత్తనానికి, దాన్ని ఎవరూ కొయ్యకూడదు. అది పాదు మీదే ముదిరి ఎండాలి, ముందే కోస్తే గింజ పనికిరాదు. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజలు గలగలమంటే, "పలికింది" అని మురిసిపోయేవారు.

పెద్ద తుఫాను వచ్చిన ఏడాది సీసాల్లోకి నీళ్ళు వెళ్ళి చాలా విత్తనాలు బూజు పట్టాయి. వాటిలో వాళ్ళమ్మగారిచ్చిన గుండ్రటి ఆనప ఒకటి. వంటపాక మీద మిగిలిన ఒక్క పాదుకి ఒక్క కాయ నిలిచింది. దానికి బొట్టు పెట్టి, రోజూ పొద్దున్నే చూసుకునేవారు. ఓరోజు ఆవిడ పేరంటానికి వెళ్ళినప్పుడు రామచంద్రపురం నుంచి మావయ్యగారి స్నేహితుడు వచ్చారు. వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపడం మావయ్యగారి వంశంలోనే లేదు. తుఫాను తరవాత పెరట్లో ఇవ్వడానికేముంది? నిచ్చెన వేసి ఆ కాయ కోసి, కండువాతో శుభ్రంగా తుడిచి చేతిలో పెట్టారు.

సాయంత్రం గోడవతల గొడవైతే తొంగిచూశాను.

"ఏమండీ, కాయేదండీ?"

"మన రామచంద్రపురం ఆయన వచ్చేరు కదా, ఇచ్చేను."

"బొట్టు కనపడలేదా అండీ?"

"కాకి రెట్ట అనుకున్నానే!"

పక్కున నవ్వబోయి అత్తయ్యగారి మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయారు. "అమ్మది ఇంకేం మిగిలింది నాకు" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

మర్నాడు తడిసిన ఆనప చీటీ వెనక పేర్లు నాచేత చదివించారు. ఊళ్ళోవాళ్ళవి తుఫానుకే పోయాయి. మిగిలింది కె.గంగవరంలో ఉన్న వాళ్ళక్కగారు. మావయ్యగారి చేతికి సంచీ ఇచ్చి, నోరు తెరవకుండా వీధి గుమ్మం చూపించారు. పాపం, ఆయన ముక్తేశ్వరం రేవులో పంటెక్కి గోదావరి దాటి వెళ్ళి, కండువా కొసకి గింజలు ముడేసుకుని తిరిగొచ్చారు. "పంటు మీద ముడి వదల్లేదే. ఇది నీళ్ళలో పడితే నేనూ దూకేసేవాణ్ణే!" అన్నారు. అప్పుడు నవ్వారావిడ.

కొత్త చీటీ మీద "గంగవరం అక్క ఆనప" అని రాయించారు. మావయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. "ఏరు దాటి తెచ్చింది నేనైతే పేరు మీ అక్కదా?"

"ఇచ్చినవాళ్ళ పేరే ఉంటుందండి, మోసినవాళ్ళది కాదు."

ఆ తరవాత ప్రతి ఏడూ ఆయన పాదు కింద నిలబడి, "ఏమే, ఇది బొట్టా, రెట్టా?" అని అడగడం, ఆవిడ గరిటె తీసుకుని రావడం మాకు పెద్ద వినోదం. మేము అమలాపురం వచ్చేశాక కూడా చీటీలు రాయడానికి వెళ్తూనే ఉన్నాను. నా పెరట్లో ఏది కాసినా ఆవిడ చలవే.

ఆవిడ పన్నెండో రోజున వంటవాళ్ళు కత్తిపీటలు పట్టుకుని పెరట్లోకి వస్తే, పాదు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు మావయ్యగారు. "ఆయ్, అన్నీ కోసుకోండి. ఆ బొట్టున్నది మాత్రం కూరకి కాదండి." వానకి చెరిగిన బొట్టు తనే మళ్ళీ పెట్టినట్టున్నారు, రూపాయి కాసంత ఉంది.

మొన్న కబురు చేస్తే వెళ్ళాను. ఎండిన కాయ నా చెవి దగ్గర పెట్టి ఊపారు. "పలికిందమ్మా" అన్నారు. పగలగొట్టి, గింజలు సగం నా కొంగులో పోసి, సగం సీసాలో పోశారు. నేను అలవాటుగా "గంగవరం అక్క" అని రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇచ్చినవాళ్ళ పేరే కదమ్మా ఉండాల్సింది? మా ఆవిడ ఆనప అని రాయి."

రాశాను. వెనకవైపు నా పేరు రాసుకున్నాను. ఆయన సీసాని మృగశిర వరసలో పెట్టి, చీటీ బయటికి కనపడేలా తిప్పారు.