శుభాకర్ బిగింపు

ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండే శుభాకర్ ప్లాంటులో ఫిట్టరు. కుళాయి కట్టినా, ఊరగాయ సీసాకి మూత పెట్టినా, ఇంకో అరచుట్టు తిప్పందే అతని చెయ్యి ఊరుకోదు. డ్యూటీ నుంచి రాగానే భార్య స్టెఫీ కుట్టుమిషన్ బల్లకి కంప్యూటర్ రేసింగ్ ఆటల స్టీరింగ్ తగిలించి, పెడల్స్ జారకుండా గోడకి ఆనిస్తాడు. ఆ సాయంత్రం ఆన్‌లైన్ రేసులో గెలిస్తేనే జట్టులో చోటు. కిందటిసారి మలుపులో స్టీరింగ్ ఊడొచ్చి ఓడిపోయాడు. అందుకే ఈసారి బిగింపు పట్టీ మరకి స్పానర్ పెట్టాడు.

“సాల్లెండి, అది ఇనుం కాదు, ప్లాస్టిక్కు,” అంది స్టెఫీ.

“కదిలితే మళ్ళీ పోద్దే,” అంటూ తిప్పాడు. బిగింపు పట్టీ టప్పున విరిగింది. తెరమీద రేసు మొదలైపోతోంది. అతను విరిగిన ముక్క పట్టుకుని దానికేసే చూస్తున్నాడు. స్టెఫీ మోకాళ్ళమీద కూర్చుని స్టీరింగ్ దిమ్మని రెండు చేతులా బల్లకేసి అదిమిపట్టింది.

“ఏటి సూస్తన్నారు? తిప్పండి!”

ఆఖరి మలుపు వచ్చేసరికి అతనికి ముందు ఒక్క కారే మిగిలింది. దాన్ని దాటాలంటే బలంగా తిప్పాలి. వణుకుతున్న ఆమె మణికట్లు చూసి అతను తటపటాయించాడు.

“సేతులు నాయి, బెంగ మీకేటి? తిప్పండి!”

తిప్పాడు. ఆ కారు వెనకబడింది. గెలిచినట్టు తెరమీద పేరు పడ్డాక కూడా స్టెఫీ వేళ్ళు వదల్లేదు. ఒక్కొక్కటీ అతనే మెల్లగా విప్పాడు.