కువైట్ ఇస్త్రీపెట్టెకు మూడో తీగ

కువైట్ నుంచి తెచ్చిన సామానులో నా కోసమని కొనుక్కున్నది ఒక్క ఇస్త్రీపెట్టే. మిగతావన్నీ ఎవరో ఒకరు అడిగినవి. ఏడేళ్లు పరాయివాళ్ల తెల్లబట్టలు ఇస్త్రీ చేసినదాన్ని, న్యాయంగా అయితే ఆ పని పేరెత్తితేనే నాకు విసుగు రావాలి. రాలేదు. నా కూతురి బడి బట్టలు ఒక్కసారైనా నా చేత్తో ఇస్త్రీ చేసి తొడగాలని మొండికోరిక.

నా భర్త వేరే సంసారం పెట్టుకున్నాక, మూడేళ్ల పిల్లను మా అమ్మ దగ్గర వదిలి కువైట్ పోయాను. తిరిగొచ్చేసరికి పిల్లకు పదేళ్లు. నల్లమాడ దగ్గర మా ఊళ్లో అది మా అమ్మను 'అమ్మా' అని పిలుస్తోంది. నేను 'కువైట్ అమ్మ'ను. అదీ ఎవరైనా పిలవమంటేనే. లేకపోతే నాకు ఏ పిలుపూ లేదు. పిల్ల నా దగ్గరికి చేరితే ఇక కువైట్ పోనే కూడదని నాలో నేను అనుకున్నాను. చేరకపోతే ఏం చేయాలో ఆలోచించడానికి భయపడ్డాను. రెండు నెలలు ఒకే ఇంట్లో ఉండి కూడా, ఆ దేశంలో వంటింటి పక్క గదిలో పడుకున్నప్పటికంటే ఒంటరిగా ఉండేది నాకు.

ఇస్త్రీపెట్టె ప్లగ్గుకు మూడూ బల్లపరుపు కాళ్లు. మన గోడలకేమో గుండ్రటి రంధ్రాలు. నల్లమాడలో మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే అంగడికి పోయి కొత్త ప్లగ్గు అడిగాను. అంగడాయన తీగ చివర చూసి, "ఆ పచ్చ వైరు కత్తిరించి పారేయక్కా. ఈడ ఎవురూ పెట్టరు. రెండు వైర్లు సాలు" అన్నాడు.

నేను వింటానా? కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి కేరళ డ్రైవరు ప్లగ్గు బిగిస్తుంటే చూసి నేర్చుకున్నాను. షాకు కొట్టకుండా ప్రాణం కాపాడేది ఆ పచ్చ తీగేనని అతను పదిసార్లు చెప్పాడు.

"నువ్వు ప్లగ్గు ఇయ్యప్పా, బిగించేది నేను సూసుకుంటా" అన్నాను.

"నీ ఇష్టమక్కా. కువైట్ సూసొచ్చినదానివి" అని నవ్వి ప్లగ్గు చేతికిచ్చాడు.

ఇంటి వెనక గోడ పక్కన ఒక ఇనప కడ్డీ నేలలో దిగేసి ఉండేది. రోజూ సాయంత్రం మా అమ్మ దాని మొదట్లో చెంబెడు నీళ్లు పోసేది. ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని ఊరు మాది. నాకు ఒళ్లు మండింది.

"తాగేదానికే లేని నీళ్లు కడ్డీకి పోస్తావేం మా?"

"పోయకుంటే లైటు సరిగ్గా మండదే" అంది అమ్మ.

ఎవరో చెప్పిన పిచ్చినమ్మకం అనుకొని పోయొద్దని గట్టిగా చెప్పాను. అమ్మ మానేసింది. కువైట్ నుంచి వచ్చిన కూతురి మాటకు ఆమె ఎదురుచెప్పేది కాదు.

బడి తెరిచే ముందురోజు మూడు తీగలూ వాటి వాటి చోట బిగించి, దుప్పటి మడతేసి కూర్చున్నాను. పిల్ల వచ్చి పక్కనే చతికిలబడింది. నాకు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ఎంతసేపు రుద్దినా చొక్కా ముడతలు మాత్రం పోవడం లేదు. పెట్టెను పక్కకు వంచి పట్టుకొని, "వేలు తడి చేసుకోని అడుగున ముట్టి సూడు తల్లీ, చుర్రుమంటాదేమో" అన్నాను. అందరూ చూసేది అట్లాగే. అది వేలు నాలుకకు అద్దుకొని ముట్టింది.

కెవ్వున అరిచి వెనక్కి పడింది. నేను ప్లగ్గు పీకి చేతులు చాచేలోపల లేచి, "అమ్మా! అమ్మా!" అని ఏడుస్తూ పరుగెత్తింది. ఆ పిలుపు నాకు కాదు. మా అమ్మ ఒళ్లో దూరి, నేను చూడకుండా చేతిని వెనక్కి దాచుకుంది.

దేవుడి దయవల్ల దెబ్బేమీ తగల్లేదు. కబురు పెడితే అంగడాయన వచ్చి, టెస్టరును ఆ కడ్డీకి ఆనిస్తే అది వెలిగింది. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చేది ఒక్క తీగేనట. రెండోది తెగిపోతే, ఊళ్లో చాలామంది చేసినట్టే, కరెంటు నేలలోకి తిరిగిపోవడానికి కడ్డీ దిగేశారు. మట్టి తడిగా ఉన్నంతవరకు ఎట్లాగో నడుస్తుంది. ఎండితే కరెంటు కడ్డీలోనే నిలబడుతుంది. గోడలోని మూడో రంధ్రాన్ని కూడా ఎవరో ఆ కడ్డీకే కలిపారు. నా పచ్చ తీగ ఆ కరెంటును తెచ్చి పెట్టె ఒంటికి ఇచ్చింది.

"నీ పనిలో తప్పు ల్యాదక్కా. సరిగ్గా బిగించినావు. అందుకే షాకు కొట్టిండాది" అన్నాడాయన.

నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. కేరళ డ్రైవరు మాట విన్నాను, కన్నతల్లి మాట వినలేదు. అంగడాయన పచ్చ తీగ కత్తిరించాడు, అమ్మ కడ్డీకి రెండు చెంబులు పోసింది, పెట్టె భగ్గుమని కాలింది. ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి, ఆ జతను మంచం మీద పెట్టాను.

పొద్దున బడికని పిల్ల పోయినేటి పొట్టి గౌను తొడుక్కొని అరుగు మీద కూర్చుంది. మా అమ్మ జడ వేస్తోంది. ఇస్త్రీ జత పెట్టినచోటే ఉంది.

"కువైట్ అమ్మ ఎప్పుడు పోతాది మా?" అని అడిగింది పిల్ల. కోపంగా కాదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగింది.

గడపలో నిలబడి నేనే చెప్పాను. "వచ్చే నెల పోతానమ్మా."

పిల్ల తల తిప్పి నన్ను చూసి నవ్వింది. నేను వచ్చాక అది నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి.