మా శ్రీశైలాన్ని మోసింది ఎవరంటే

నిన్న పొద్దుగాల నారాయణగూడ మార్కెట్ల టమాటలు ఏరుకుంటున్న.
ఫోన్ తీస్తే ఎవరిదో స్టేటస్‌ల నా కొడుకు ఫొటో. చుట్టూ పూలు.

కార్పొరేటర్ అయినకాడికెల్లి ప్రతి పండుగకు ఏదో ఒక ఫ్లెక్సీల ఉంటడు గదా. మళ్ల ఏం పండుగొచ్చెనో అనుకున్న.
కింద రాసింది చదవలే. నాకు చదువుడు మెల్లగ వస్తది.
లవ్ గుర్తు కొట్టిన.

గప్పుడు కోడలు ఫోన్ చేసింది.
"అత్తమ్మా, యాడున్నవ్? జల్ది ఇంటికి రా."
అంతే అన్నది. ఏడుస్తున్నది.
కూరగాయలామె నా మొఖం జూసి తక్కెడ కింద పెట్టింది.

మీటింగ్‌కని బయలెల్లి కార్లనే కూలబడ్డడట. గుండె ఆగిందన్నరు. దవాఖాన దాక గూడ పోలే.
కన్నతల్లికంటే ముందుగాల అందరికి తెలిసింది.

ఏడ్వనీకె గూడ టైం లేకుండె. వాడు పోలీసోళ్ల మనిషా, పార్టోళ్ల మనిషా అని వాని మీదనే లొల్లి అయితదేమోనని ఒకటే బుగులు.
అదే అయింది.

తెల్వనోళ్లకు చెప్తున్న. నేను మాట్లాడితే ఫోనే రాస్తది. వాళ్ల నాయిన చిన్నప్పుడే పోయిండు. నేను అశోక్ నగర్ల ఒక హాస్టల్ల వంట చేసిన. వాడు చిక్కడపల్లి లైబ్రరీల కూసొని చదివి ఎస్సై అయిండు. తర్వాత సీఐ.
నాకు గంతే చాలు అనిపిచ్చె.

ఒకసారి సర్కారు నౌకర్ల పరీక్షలు పెట్టాలని పిల్లలు అశోక్ నగర్ చౌరస్తల కూసున్నరు. లేపనీకె వీన్నే పంపిన్రు.
ఒక పోరి అడిగిందట, "మీరు గీడ చదివే పోలీసైనరట గదా. మమ్ముల గీడికెల్లి లేపుతరా?" అని.

లేపిండు. డ్యూటీ గదా.

ఇంటికొచ్చి కంచం ముందల కూసున్నడు. బుక్కెడు తినలే.
"ఆ పోరి కోపంగ గూడ అనలేదమ్మా" అన్నడు.

కొన్ని దినాలకు రాజీనామా ఇచ్చి పార్టీల చేరిండు. చుట్టాలందరు నన్ను తిట్టిన్రు. "సర్కారు నౌకరి ఇడిసిపెడుతుంటే చూస్కుంట కూసున్నవా" అని. నేనేం జేద్దును. వాడు వింటడా.

ఓట్లకు తిరుగుడు తలుసుకుంటే ఇప్పటికి నవ్వొస్తది.

వాడు తలుపు కొడితే పోలీసు కొట్టినట్టే ఉంటుండె. దబదబ. "ఎవరున్నరు లోపల? బయటికి రా!"
చిక్కడపల్లి గల్లీల ఒక ముసలాయన చేతులు జోడిచ్చుకుంట బయటికొచ్చిండు.
"సార్, మా పోరడు మారిండు సార్. ఇప్పుడేం చేస్తలేడు" అన్నడు.

"ఓటడగనీకొచ్చినవారా, వారెంట్ తెచ్చినవా?" అన్న నేను.
గల్లీ గల్లీ నవ్వింది. వాడు గూడ నవ్విండు.

ఆ దినం సంది నేను ముందల, వాడు ఎనుక. కుంకుమ భరిణె పట్కొని ఇంటింటికి పోయి ఆడోళ్లకు బొట్టు పెట్టి ఓటుకు పిలిచిన, పెండ్లికి పిలిచినట్టు.
మొదటిసారి ఓడిండు. రెండోసారి గెలిచిండు.

గెలిచినంక గూడ గోసనే.
డ్యూటీల ఉన్నప్పటి దోస్తులు "ఇగ లీడర్ అయిండు" అని దూరం జరిగిన్రు. పార్టోళ్లు "పోలీసు బుద్ధి పోలే" అని నమ్మలే. మోరీ పొంగినా, లైటు పోయినా జనం మాత్రం మా గడప ముందలనే.

నిన్న సాయంత్రం పార్టీ పెద్దాయన జెండా తెచ్చిండు. "అమ్మా, జెండా కప్పి ఊరేగింపుగ తీస్కపోతం" అన్నడు.

అప్పుడే యాదగిరి వచ్చిండు. మావోడు ఎస్సైగ ఉన్నప్పుడు వాని దగ్గర కానిస్టేబుల్. ఇప్పుడు హెడ్డు.
"అమ్మా, జెండా కప్పితే మేం పాడె పట్టరాదు. నౌకరికి ఎసరొస్తది. జెండా లేకుంటే సివిల్ డ్రెస్సుల వచ్చి మోస్తం" అన్నడు.

"ఇన్నేండ్లు యాడికి పోయిన్రు మీరు?" అన్నడు పార్టీ ఆయన.
"ఈసారి ఆయనకు టికెట్ లేదన్న దినం నువ్వు యాడికి పోయినవే?" అన్నడు యాదగిరి.

నా కొడుకు ఇద్దరి నడిమిట్ల పండుకొని ఉన్నడు.

కోడలు నా దిక్కు చూసింది. "నువ్వే చెప్పు అత్తమ్మా."

జెండా వద్దంటే, వాడు దేనికోసం నౌకరి ఇడిసిండో అది దండుగైతది. జెండా కావాలంటే, డ్యూటీల వాని ఎంబడి ఎండల వానల నిలబడ్డోళ్లు గల్లీ అవుతలనే ఆగిపోతరు.

"ఇంట్ల ఉన్నంతసేపు జెండా కప్పున్రి, దండం పెట్టుకోన్రి" అన్న. "గడప దాటేటప్పుడు తీయున్రి. బయట అందరు కలిసి మొయ్యాలె. లొల్లి చేసేదుంటే ఎవ్వరు రావద్దు. నేను, కోడలు మోసుకపోతం."

ఇద్దరు సరే అన్నరు.

ఇయ్యాల పొద్దుగాల మోసిన్రు. ముందల ఒక పక్క యాదగిరి, ఒక పక్క పార్టీ ఆయన. పోలీసోళ్లు అడుగు కలిపి నడుస్తున్నరు. లీడర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు. పాడె ఊగుతున్నది.
"అన్నా, జర అడుగు కలుపు. గిది ర్యాలీ కాదు" అన్నడు యాదగిరి.
ఆయన కలిపిండు.

దింపుడు కల్లం కాడ దింపిన్రు. గక్కడ చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలువాలె. ఏమో, పానం ఉంటే లేస్తడని.

యాదగిరి వంగి "సార్" అన్నడు.
"సార్ కాదయ్యా, పేరు" అన్నడు మా కులపెద్ద.
యాదగిరికి నోరు రాలే.
పార్టీ ఆయన వంగిండు. "అన్నా" అన్నడు. ఆయనకు గూడ పేరు నోట్లకెల్లి రాలే.

ఆడోళ్లు గందాక రావద్దంటరు.
నేను పోయిన. ఎవ్వరు ఆపలే.

శ్రీశైలం అన్న.
శ్రీశైలం అని గట్టిగ అన్న.

మూడోసారి గట్టిగ పిలువబుద్ధి కాలే. మస్తు అలిసిపోయి ఉన్నది వాని మొఖం.
మెల్లగ అన్న. వానికి మెలకువ రాకుండ.

పండుకో కొడుకా.
నీ పానం నిమ్మళంగుండాలె.

మీ అమ్మ