జాలారి పూత కోసం మూడేళ్లు

ఒంటిమిట్ట వెనక కొండల్లో ఏ చెట్టు ఎక్కడుందో తెలియాలంటే ఓబులేసునే అడగాలి. తొమ్మిదేళ్లుగా అడవి వాచరు. తొమ్మిదేళ్లూ టెంపరరీయే! ఆ పాడు మాట వింటేనే అతనికి ఒళ్లు మండేది.

పర్మినెంటు ఆశ పెట్టింది చెట్ల సారు. మద్రాసు నుంచి వచ్చి కొమ్మలు కోసి, కాగితాల మధ్య నొక్కి, పక్కన వివరాలు రాసుకునే పెద్దమనిషి. జాలారి చెట్టును చూసి ఆయన మురిసిపోయాడు. దీని చుట్టాలన్నీ ఎడతెగని వానలు పడే మలయా అడవుల్లో ఉంటాయట, ఇది మాత్రం ఈ రాళ్లల్లో ఎలా బతుకుతోందో అంతుపట్టదట. "పూతలో ఉన్న చెట్టు చూపించు ఓబులేసూ. నీ ఉద్యోగం సంగతి పైవాళ్లకు నేను రాస్తాను" అన్నాడు.

అదెంత పని అనుకున్నాడు ఓబులేసు. మొదటి ఏడు అగ్గి పడి కొండంతా మాడిపోయింది. రెండో ఏడు పూత రాగానే సారుకు కార్డు రాయించాడు. సారు దిగేలోపే మేకలవాళ్లు కొమ్మలన్నీ నరికి మేపేశారు. "థూ, నా బతుకు!" అని తల బాదుకున్నాడు.

మూడో ఏడు, అంటే 1955లో, టెంపరరీ వాళ్లను తీసేస్తారని పుకారు పుట్టింది. ఇక లాభం లేదని ఓబులేసు తెలివి చూపించాడు. ఊరికి దగ్గరగా ఉన్న జాలారికి పసుపు గుడ్డ కట్టి, బొట్టు పెట్టి, "ఇది రాములోరి చెట్టు. మేకలకని కొమ్మ కొడితే కండ్లు పోతాయ్" అని ఊరంతా చాటాడు. మేకలవాళ్లు దండం పెట్టి పక్కకు పోయి, మిగతా చెట్లన్నీ మేపేశారు. ఇది మాత్రం తెల్లగా విరగబూసింది. ఓబులేసు సంబరం చూడాలి! కార్డును నమ్మేది లేదని తానే కడపకు పోయి, అక్కడ క్యాంపులో ఉన్న సారును మర్నాడు పొద్దున్నే జీపులో వెంటబెట్టుకొచ్చాడు.

చెట్టు మోడై నిలబడి ఉంది.

ఊళ్లోకి పరుగెత్తాడు. రామాలయం ముందు శ్రీరామనవమి పందిరి, దాని నిండా జాలారి కొమ్మలు. ఊరి పెద్ద లక్ష్మన్న నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏమప్పా, యాడికి పోయింటివి? పందిరి ఎంత బాగుండాదో చూడు!"

"కొట్టమనింది ఎవురన్నా?"

"నువ్వే గదప్పా రాములోరి చెట్టంటివి. రాములోరికి గాక ఇంకెవురికి పెడతాం?"

లక్ష్మన్నను ఓబులేసు ఏమని తిడతాడు? చేసిందంతా తానే. ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. వెనకే జీపులో వచ్చిన సారు వైపు తిరిగి "ఈడ్నుంచే ఒక కొమ్మ తీసిస్తా, అంటించుకోండి సార్" అని బతిమాలాడు.

"చెట్టు మీద నేను కళ్లారా చూసిందే రాయాలి. అది రూలు. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు నేనుంటే గదా సార్! నేను చెప్తాండా రాసుకోండి. ఐదు రేకలు, వత్తి మాదిరి మెలి తిరిగింటాయి. కాయకు రెక్కలొస్తాయి. వాసనన్నా చూడండి సార్!"

సారుకూ బాధగానే ఉంది. ఆ పందిరి కిందే కూర్చుని కాగితం తీశాడు. బెరడు, బంక, ఆకు, ఒక్కొక్కటే పైకి చదువుతూ రాశాడు. పైనుంచి తెల్లటి పువ్వులు కాగితం మీద రాలుతున్నాయి. వాటిని చేత్తో పక్కకు తోసి, "పువ్వులు: చూడలేదు" అని రాశాడు.