రెండో పూట పాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బర్రెను కొనాలంటే పెళ్లి సంబంధం చూసినంత హడావుడి జరిగేది. మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ చిన్న ఊరు మాది. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా పాత బర్రె ఒట్టిపోయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మకు జ్వరమొచ్చి పాలు పడటం ఆగిపోయింది. తమ్ముడికి ఎనిమిది నెలలు. పక్కింటివాళ్లు పోసే గ్లాసెడు పాలు వాడికి ఏ మూలకూ చాలేవి కావు. ఆ ఏడు జొన్నలు అమ్మితే వచ్చిన డబ్బుతో ఒక్క బర్రెను మాత్రమే కొనగలం. అది సరిగా పాలివ్వకపోతే రెండోదాన్ని తెచ్చే స్తోమత మాకు లేదు. ఈ సంగతి ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

నాకు తెలిసిందల్లా కీసర వైపు జరిగిన పశువుల ప్రదర్శనలో చూసిన బర్రె ఒక్కటే. దానికి మొదటి బహుమతి వచ్చింది. మెడలో ఎర్ర పట్టీ, నూనె రాసి మెరిపించిన కొమ్ములు, నిగనిగలాడే నల్లటి ఒళ్లు. అది నడిచివస్తుంటే జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొంటే దాన్నే కొనాలని నేను అన్నం మానేసి కూర్చున్నాను. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం, ఆయనది ఇంకో పట్టు. పక్క ఊళ్లో ఎవరో సగం ధరకే బర్రెను ఇస్తున్నారట, మిగిలిన డబ్బుతో ఇంటి కప్పు బాగుచేయించుకోవచ్చని ఆయన లెక్క. రెండు రోజులు ఇల్లంతా మా ఇద్దరి గొడవే.

మా తాత ఎటువైపూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నన్ను పిలిచి, "దానికి బహుమతి దేనికిచ్చిన్రో అడిగినవా?" అన్నాడు. మా బాపు వైపు తిరిగి, "వాడు గంత అగ్గువకు ఎందుకిస్తుండో నువ్వు అడిగినవా?" అన్నాడు. తాత తువ్వాలు భుజాన వేసుకుని, రొట్టెల మూట నా చేతికిచ్చి నడవమన్నాడు.

ముందు నా బర్రె దగ్గరికే పోయాం. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి, మా ముందే పాలు పిండాడు. ఒక చెంబు నిండింది, రెండో చెంబూ నిండింది. నేను గెలిచినట్టే తాత చెయ్యి పట్టుకుని ఊపాను. "చూసినవు గద పెద్దాయనా, ఇంకో ఇద్దరు బేరానికి వస్తున్రు, జల్దీ తేల్చుకో" అన్నాడు యజమాని. తాత పోయి వాళ్ల అరుగు మీద కూర్చుని, "పొద్దుగూకినంక పాలు గూడ చూసి చెప్త" అన్నాడు. ఆ ఇంటాయన మొహం మాడిపోయింది.

ఆ రోజంతా మేము పరాయి ఇంటి అరుగు మీదే ఉన్నాం. ఆ ఇంటి ఆడవాళ్లు మమ్మల్ని చూసి చూసి నవ్వుకున్నారు. మధ్యాహ్నం మూట విప్పి రొట్టెలు తిన్నాం. యజమాని నాలుగైదుసార్లు వచ్చి, నమ్మకం లేకుంటే వెళ్లిపొమ్మని కూడా అన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. తాత మాత్రం వాళ్ల పంట సంగతులు అడుగుతూ హాయిగా కూర్చున్నాడు. ఆ కబుర్లలోనే, బహుమతి కొమ్ములకూ ఒంటికీ నడకకూ ఇచ్చారని ఆ యజమాని నోటనే రాబట్టాడు. సాయంత్రం పిండితే పాలు ఒక్క చెంబు కూడా నిండలేదు.

వెనక్కి వస్తుంటే నేను ఏడుస్తూనే ఉన్నాను. "నిన్న పొద్దుగూకి పిండకుండ ఆపిండు బిడ్డా. పొద్దున మనం జూసింది రెండు పూటల పాలు" అన్నాడు తాత. మరి బహుమతి అబద్ధమా అని అడిగాను. "అబద్ధమెందుకైతది? కొమ్ములు మస్తుగనే ఉన్నయి. నీ తమ్మునికి కొమ్ములు తాగిపిస్తమా?" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

మర్నాడు మా బాపు చూసిన బర్రె దగ్గరా అలాగే రెండు పూటలు కూర్చున్నాం. అది మోసం లేకుండా రెండు పూటలా ఒకేలా ఇచ్చింది. కానీ అది ఈని ఎనిమిది నెలలైందట, మళ్లీ చూడితో ఉంది. ఇంకో నెలా రెండు నెలల్లో పాలు నిలిచిపోతాయి. చివరికి మేము తెచ్చుకున్నది ఆ రెండూ కాదు, మూడోది. ఒక కొమ్ము వంకర, దగ్గరికి పోతే కాలు విసిరేది, ధర నడిమధ్యన. ఈ మధ్యే ఈనింది, రెండు పూటలా నిండుగా ఇచ్చింది. నేను రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. నెల తిరిగేసరికి తమ్ముడికి బుగ్గలొచ్చాయి. ఇవాళ వాడు ఆటో ఎక్కితే పక్కన ఇంకొకరికి చోటుండదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న ఎండాకాలం మా ఇంట్లో మళ్లీ అదే గొడవ జరిగింది, ఈసారి మా మనవరాలి చదువు గురించి. దానికి ఎలక్ట్రానిక్స్ చదవాలని కోరిక. రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ, హైవే పొడుగునా దాని ర్యాంకు రాసిన బోర్డులే. రెండోది సర్కారు కాలేజీ, ఫీజు అందులో పదో వంతు కూడా ఉండదు, ర్యాంకుల పట్టికలో ఎక్కడో అడుగున ఉంటుంది. పెద్దదాంట్లో చేర్పించాలంటే షామీర్‌పేట దగ్గర మాకు మిగిలిన ఒక్క ప్లాటూ అమ్మాలి. మా కొడుకు అప్పటికే బ్రోకర్‌తో మాట్లాడేశాడు. యూనివర్సిటీవాళ్లు పిలిచిన రోజు తండ్రీకూతుళ్లు పోయి, ఏసీ హాల్లో కూర్చుని, భోజనం చేసి, వాళ్లిచ్చిన టోపీలు పెట్టుకుని వచ్చారు. సీట్లు అయిపోతున్నాయని రోజుకు మూడుసార్లు ఫోను.

వాళ్లు పిలవని రోజున ఇంకోసారి చూసి రమ్మన్నాను. "అమ్మా, గిది బర్రె కాదే" అన్నాడు కొడుకు విసుక్కుంటూ. నాకు ఒళ్లు మండింది. "బర్రెకే రెండు పూటలు ఆగినం. బిడ్డ నాలుగేండ్లకు ఒక్క దినం ఆగవా?" అన్నాను. వాడు ఆగేలా లేడు. మర్నాడు నేనే మనవరాలిని తీసుకుని బస్సెక్కాను, ఈ మోకాళ్లతోనే.

యూనివర్సిటీ గేటు లోపలికి పోలేదు. బయట టీ కొట్టు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాం. మా పిల్ల సిగ్గుతో తల ఎత్తలేదు. ఎలక్ట్రానిక్స్ మూడో ఏడు చదివే పిల్లలు కనిపిస్తే నేనే ఆపి, మీకు చెప్పేవాళ్లెవరు, ల్యాబులో ఎన్ని గంటలుంటారు అని అడిగాను. మంచి పిల్లలు, దాచకుండా చెప్పారు. ర్యాంకు నిజమేనట, యూనివర్సిటీ మొత్తానికి వచ్చిందట. వాళ్ల బ్రాంచిలో మాత్రం ఒక్క ఏడాదిలో ముగ్గురు లెక్చరర్లు మారారు. ల్యాబు అద్దంలా ఉంటుంది కానీ ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడే తెరుస్తారని ఒక అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది.

నిజం చెబుతున్నాను, నా మనసు మొదటినుంచీ సర్కారు కాలేజీ వైపే ఉంది. ప్లాటు మిగులుతుందన్న ఆశ నాది. అచ్చం మా బాపులాగే. అందుకే అక్కడికి పోయినప్పుడు ఇంకా గట్టిగా అడిగాను. గోడలకు పెచ్చులూడాయి, బాత్రూముల సంగతి చెప్పకపోవడమే మేలు, కంపెనీలు తక్కువ వస్తాయి, ఉద్యోగం ఎవరిది వాళ్లే వెతుక్కోవాలి. ఇవన్నీ విని నాకే వద్దనిపించింది. కానీ పన్నెండేళ్లుగా ఒకే మేడమ్ పాఠం చెబుతోంది. సాయంత్రం ఐదు దాటినా ల్యాబులో పిల్లలున్నారు. ఒక పిల్ల తను చేసిన పరికరాన్ని మా మనవరాలి చేతిలో పెట్టి, విప్పి చూపించింది. ఇద్దరూ నేల మీద కూర్చుని వైర్ల గురించి మాట్లాడుకుంటుంటే నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మరిచారు.

తిరిగి వస్తూ బస్సు దిగేముందు మా పిల్ల, "అవ్వా, అందరూ ఏ కాలేజీ అని అడుగుతరు, నాయినకు నామోషీ అయితది" అంది. అయితదని ఒప్పుకున్నాను. "నేను సర్కారు కాలేజీలనే చేరితే, రేపు తప్పయితే?" అంది. తప్పు కాదని మాటివ్వడానికి నేనెవరిని?

"తప్పయితే దిద్దుకుందువు. కండ్లతోని జూసి చేసిన తప్పు దిద్దుకోవచ్చు బిడ్డా, బోర్డు జూసి చేసినదానికి ఎవల్ని అడుగుతవు?" అన్నాను. ఇంటికి రాగానే సర్కారు కాలేజీలోనే చేరతానని తనే వాళ్ల నాయినకు చెప్పింది, కళ్లు దించకుండా. వాడు నా వైపు ఉరిమి చూశాడు, నేనూ చూశాను. మర్నాడు బ్రోకర్‌కు ఫోను చేసి వద్దన్నాడు.

అది సరైనదో కాదో నాలుగేళ్లయ్యాక తెలుస్తుంది. ఇప్పటికైతే మా ఇంటికి ఎవరొచ్చి ఏ కాలేజీ అని అడిగినా, ఆ పిల్ల తన కాలేజీ పేరు గట్టిగా, పూర్తిగా చెబుతోంది. చిన్నప్పుడు పరాయి అరుగు మీద నేను పడ్డ సిగ్గు నాకు ఇచ్చింది, కళ్లతో చూసేదాకా కదలని ఈ మొండితనమే. నా తరవాత అది ఎవరికి పోతుందా అని ఇన్నాళ్లూ ఒక దిగులుండేది. ఇప్పుడు లేదు.