కొబ్బరిపీచు పట్టా మీద ప్రార్థన

నందిగామలో మా ఇంట జరిగే గురువారం స్త్రీల ప్రార్థన కూటం ఎందుకు ఆగిపోయిందని అడిగితే, మా సంఘంలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు: మేష్టారి భార్యకు, అంటే మా ఆవిడకు, ఇంటికి మనుషులు రావటం గిట్టదట. మా అక్క కూడా అదే నమ్మింది. ఇన్నేళ్లూ నేను కాదనలేదు. అసలు కారణం ఆవిడ కాదు, నేను జగ్గయ్యపేటలో కొనుక్కొచ్చిన కొబ్బరిపీచు పట్టా.

మాది నాపరాళ్ల నేల. చలికాలంలో దాని మీద మోకరిస్తే చలి ఎముకల్లోకి ఎక్కేది. వచ్చేవాళ్లలో చాలామంది మిరపతోటల్లో కలుపు తీసి తీసి మోకాళ్లు అరిగిపోయిన ఆడవాళ్లు. ఉన్న తుంగచాపలేమో అంచులు ఊడి పుల్లలు లేచాయి.

"పాత చీరలున్నాయిగా, బొంతలు కుడతానండీ," అంది నా భార్య.

నాకు తల కొట్టేసినట్టయింది. బడిపంతులి ఇంట్లో, నలుగురూ కూర్చునేచోట, పసిపిల్లల కింద వేసే బొంతలా? "నువ్వూరుకో, నేను చూస్తాగా," అన్నాను.

జగ్గయ్యపేట కొట్లో షావుకారు ముందు ఏలూరు ఉన్ని తివాచీ పరిచాడు. చెయ్యి పెడితే మెత్తగా దిగింది. "ఎండాకాలం సెగండి, వానాకాలం పురుగండి," అని తనే చెప్పాడు. నూలు జంపఖానా బాగానే ఉంది గానీ పలచన, రాయి చలి ఆపదనిపించింది. ఆఖరున కొబ్బరిపీచు పట్టా దొర్లించాడు. ట్రావెలర్స్ బంగళాలో ఇన్‌స్పెక్టరుగారు దిగినప్పుడు చూశాను అలాంటిది. అరచేత్తో రాశాను, చెప్పు విడిచి తొక్కి చూశాను. దిట్టంగా ఉంది. మోకాలు ఆన్చి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. నేను ఆ పట్టా కొంటున్నదే మోకరించటానికి.

మొదటి గురువారం ప్రార్థన ఎప్పుడూ లేనంత తొందరగా ముగిసింది. లేచేసరికి పలచని చీరల్లోంచి పీచు గుచ్చుకుని అందరి మోకాళ్లూ మండుతున్నాయి. ఒక ముసలావిడ మోకాలు రుద్దుకుంటూ, "ప్రభువు మోకరించమన్నాడు గానీ నాయనా, పీచు మీదని చెప్పలా," అంది.

"నాలుగు వారాలు తొక్కితే అదే మెత్తబడుద్ది, అవ్వా."

"మేం తొక్కటానికి రావట్లేదుగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఉడికిపోయాను. పట్టాను బండి మీద మునేటికి తీసుకెళ్లి ఏట్లో నానబెట్టాను. ఎండాక మరింత బిరుసెక్కింది. పైన గోనెపట్టాలు కప్పాను. వాటి నూగు చీరలకు అంటుకుంది, ముసురు పట్టగానే ఇల్లంతా తడి గోనె వాసన. గోనెలు తీసేసి, జంపఖానా తెచ్చి పట్టా మీద పరిస్తే అది నిలవకుండా ముడతలు పడింది, దాని కిందనుంచీ పీచు పొడిచింది. ఒక్కటీ కుదిరి చావలేదు. నా భార్య బొంత మాట ఎత్తిన ప్రతిసారీ కసురుకున్నాను. అంత మోసుకొచ్చింది చుట్టి మూలన పడెయ్యటానికా అని.

వచ్చేవాళ్లు తగ్గారు. తర్వాత కూటం ఎదుటింటి మట్టినేల మీదికి మారింది. ఎందుకని పాస్టరమ్మగారు అడిగితే, మేష్టారు తెచ్చిన పట్టా గుచ్చుకుంటోందని ఎవరూ చెప్పలేదు. మేష్టారి మాట తీసెయ్యటం మా వాళ్లలో మర్యాద కాదు. "అమ్మగారికి ఇబ్బందెందుకులే అని," అన్నారు. పాస్టరమ్మగారు దాన్ని, మనుషులొస్తే నా భార్యే ఇబ్బంది పడుతోందని పట్టుకున్నారు. అక్కడనుంచి ఊరంతా అదే మాట.

ఆ మాట మా ఇంటికి చేరిన రోజు నా భార్య అన్నం వడ్డిస్తూ, "మీరైనా చెప్పండి, నేనేమీ అనలేదని," అంది. చెబుతాలే అన్నాను. చెబితే పట్టా సంగతి చెప్పాలి. చెప్పలేదు.

ప్రతి గురువారం మా నాపరాళ్ల నేల కడిగి తుడిచింది, వచ్చినవాళ్లకు కాఫీ కాచింది ఆవిడే. కూటం మా ఇంట్లోనే ఉండాలని నాకంటే ఎక్కువ కోరుకున్నదీ ఆవిడే. పట్టా ఇప్పుడు కొట్టుగదిలో వడ్లబస్తాల కింద ఉంది. చెక్కుచెదరలేదు, దరిద్రం. బొంత మాత్రం చివరికి కుట్టింది. గురువారం మధ్యాహ్నం దాన్ని చంకన పెట్టుకుని ఎదుటింటికి వెళుతుంది. అక్కడ ఆ ముసలావిడ మోకాళ్ల కింద పరుస్తుంది. మనుషులు గిట్టరని పేరుపడ్డ మనిషి.